వాసన చూసే భాయ్

ఆయన ఎవరినైనా కౌగిలించుకుంటే చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకునేవాళ్లు. ప్రేమా లేదు, గీమా లేదు. వాసన చూసేవాడు. ముందు కుడి భుజం మీద గడ్డం ఆనించి ఒకసారి, తర్వాత ఎడమ భుజం మీద ఒకసారి. చూడ్డానికి పండగ నమాజు అయ్యాక ఒకరినొకరు హత్తుకున్నట్టే ఉంటుంది. కాని కుడి నుంచి ఎడమకు మారేటప్పుడు ఆయన ముఖం మన ముఖానికి ఎదురుగా వస్తుంది చూడండి, అప్పుడు ఆయన ముక్కుపుటాలు ఒక్కసారి విచ్చుకుంటాయి. "ఈ పొద్దుకు సరి, కూచో" అంటే పాసు. ఏమీ అనకుండా, భుజం మీద చెయ్యి తీయకుండా, మనిషిని బయటికి నడిపించుకుపోతే ఫెయిలు.

మేము తాగుడు మానినవాళ్లం. అనంతపురంలో శెట్టి బట్టల కొట్టు వెనక గోడౌన్‌లో ఆదివారం సాయంత్రాలు కూర్చునేవాళ్లం, ఇప్పటికీ కూర్చుంటున్నాం. శెట్టి కూడా మా మనిషే. ఒకరి పేరు ఇంకొకరు బయట చెప్పకూడదన్నది మా కట్టుబాటు. మనిషి పోయినంత మాత్రాన కట్టుబాటు పోదు కాబట్టి ఆయన పేరు ఇక్కడ రాయను. భాయ్ అని పిలిచేవాళ్లం. మొన్న శుక్రవారం ఆయన్ను మట్టి చేసి వచ్చాం.

నేను బస్సు కండక్టరుగా పనిచేశాను. ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టినవాడికి మనిషి ముఖం చూడగానే టికెట్ తీసుకున్నాడా లేదా తెలిసిపోతుందని నాకు పొగరు. ఈ పొగరు గురించి ముందే ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

భాయ్‌ది రీవైండింగ్ కొట్టు, కాలిన బోరు మోటార్లకు రాగితీగ మళ్లీ చుట్టిచ్చేవాడు. మా జిల్లాలో ఆ పనికి కరువు లేదు. కరువు ఉన్నంతకాలం పని ఉంటుంది. ఎనిమిది వందల అడుగుల లోతుకు దించిన మోటారు వేసవిలో కాలిపోతే రైతు దాన్ని పైకి లాగి, ఆటోలో వేసుకుని, సొంత మనిషిని ఆసుపత్రికి తెచ్చినంత దిగులుతో తెచ్చేవాడు. శింగనమల వైపు నుంచి వచ్చేవాళ్లు, వజ్రకరూరు నుంచి వచ్చేవాళ్లు. భాయ్ వెంటనే మోటారు విప్పేవాడు కాదు. ముందు వంగి వాసన చూసేవాడు. కాలిన వైండింగ్ వాసన బట్టి, కరెంటు సరిగా రాక కాలిందా, బోరులో నీళ్లు అడుగంటి ఉత్తుత్తిగా తిరిగి కాలిందా చెప్పేసేవాడు. రెండోదయితే లేచి నిలబడి చెప్పేవాడు.

"అన్నా, మోటారు నేను చేసిస్తా. ఆడ నీళ్లు లేవు. మళ్లా దించొద్దు, మళ్లా కాలుతాది."

ఒక రైతు ఆ మాటకు ఆయన మీద అరిచాడు, నీ ముక్కు చెప్తే నా బోరు ఎండిపోతుందా అని. భాయ్ అతనికి టీ తెప్పించాడు. ఆ రైతు టీ తాగి, మోటారు అక్కడే వదిలేసి వెళ్లాడు.

ఆ ముక్కు తనకు పుట్టుకతో వచ్చింది కాదనేవాడు. తాగే రోజుల్లో దేని వాసనా తెలిసేది కాదట. మానిన మూడో నెలలో ఇంట్లో శనక్కాయలు ఉడకేస్తుంటే ఆ వాసనకు నిద్రలోంచి లేచి కూర్చున్నాడట. "ఏందిది, ఏం వండుతాండావు?" అని భార్యను అడిగితే, "ప్రతి సంవత్సరం ఇదే వండుతాండా, నీకు ఈ పొద్దు తెలిసిందా" అని ఆమె కళ్లొత్తుకుందట. ఈ కథ కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. వందసార్లు విని ఉంటాను. ఆయన చెప్తున్నంతసేపూ శెట్టి నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేవాడు.

ఇక లాక్‌డౌన్ వచ్చింది. గోడౌన్‌కు తాళం పడింది. కౌగిలింతలు బందు. మాకు కరోనా కంటే ఇదే పెద్ద భయం. వారానికొకసారి ముక్కు ముందు నిలబడాలన్న భయంతో మానినవాళ్లం సగం మంది ఉన్నాం మరి. పైగా ఎక్కడికి పోయినా చేతుల్లో శానిటైజర్ పోస్తున్నారు. ఆ వాసనేమిటో మా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. భాయ్ చేతులు వెనక్కి కట్టుకుని, "సబ్బుంటే ఇయ్యి, లేకుంటే నీ సరుకు నాకొద్దు" అని కిరాణా కొట్టువాడితో గొడవ పెట్టుకున్నాడు. నాకు ఫోన్ చేసి వాపోయాడు.

"ఊరందరి చేతులకీ అదే వాసనొస్తాండాది కండక్టరూ. ఇంగ నా ముక్కుతో ఏం పని?"

అప్పుడే ఆయన కొత్త పరీక్ష కనిపెట్టాడు. రోజూ పొద్దున ఆరింటికి ఫోన్. పలకరింపులు ఉండవు. "వరస చెప్పు" అంటాడు. ఎవరి పనిలోని వరస వాళ్లు తడబడకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. నాది ధర్మవరం రూటు. అనంతపురంలో బండి ఎక్కించి, బత్తలపల్లె మీదుగా ధర్మవరం దాకా ఒక్క స్టాపు కూడా వదలకుండా చెప్పాలి. శెట్టి చీరల రకాలు చెప్పాలి. నాలుక మందం ఉన్నవాడు ఎక్కడో ఒకచోట దొరికిపోతాడు. నేను చెప్పాక ఆయన తన వరస చెప్పేవాడు, మోటారు లోపలి సామాన్లు: స్టేటరు, రోటరు, బుష్షు, థ్రస్టు బేరింగు, ఇంపెల్లరు. "నేనేం దేవుడు గాదు, నన్ను గూడా చూడాల" అనేవాడు. చివర "ఈ పొద్దుకు సరి" అని పెట్టేసేవాడు. రేపటి మాట ఎత్తితే కోప్పడేవాడు.

బ్రాందీ షాపులు మళ్లీ తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. గొడుగులు పట్టుకుని మైలు పొడుగున క్యూ కట్టారు జనం. మా వీధి చివరి దాకా వచ్చింది ఆ క్యూ. నేను కిటికీ వేసుకుని కూర్చున్నాను. పదింటికి భాయ్ ఫోన్ చేసి మా ఆరుగురినీ ఒకే లైన్లో కలిపాడు.

"ఎవరూ ఏం మాట్లాడొద్దండి. ఫోను పెట్టేయొద్దండి. ఎవుని పని వాడు చేసుకోండి, షాపు మూసేదాకా."

మాట్లాడలేదు. ఫోను స్పీకర్లో పెట్టుకుని నేను బియ్యంలో రాళ్లు ఏరాను. శెట్టి వాళ్లింట్లో మిక్సీ తిరిగింది. ఎవరో దగ్గారు. అన్నిటికంటే స్పష్టంగా వినిపించింది భాయ్ వైండింగ్ మిషను. ఒక చుట్టు పూర్తయిన ప్రతిసారీ టిక్కుమంటుంది. సాయంత్రం దాకా ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. ఆ రోజు నేను క్యూలోకి పోలేదంటే నా గొప్పతనమేం లేదు.

మా కట్టుబాట్లలో ఆయన పెట్టిన రూలు ఒకటుంది. తాగి ఫోన్ చేసినవాడితో మాట్లాడకూడదు. "తాగినోనితో ఏం మాట్లాడినా రేపు వానికి గుర్తుండదు, నీకుంటాది. పెట్టెయ్ ఫోను. దిగినంక చెయ్యమను." అందరం పాటించేవాళ్లం. ఒకసారి శెట్టి తాగి ఏడుస్తూ ఫోన్ చేస్తే భాయే పెట్టేశాడు. మర్నాడు శెట్టి కొట్టు తెరవకముందే భాయ్ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

కరోనా రెండో ఏడు మే నెలలో, ఊళ్లో అంబులెన్సు చప్పుడు ఆగని రోజుల్లో, భాయ్ ఇంటికి పోవడం మానేసి కొట్టు మీది గదిలో పడుకుంటున్నాడని తెలిసింది. అడిగితే, "మోటార్లు కుప్పలు పడినాయప్పా, ఇంటికి పొయ్యేకి టైం లేదు" అన్నాడు. ఇల్లు వదిలి కొట్టులో పడుకోవడమంటే మాకు ఒకటే అర్థం. నేను డిపోలో పడుకున్నాను ఒకప్పుడు. శెట్టి ఇదే గోడౌన్‌లో పడుకున్నాడు. మాలో ప్రతివాడూ సీసాతో కాపురం పెట్టడానికి ఏదో ఒక గది వెతుక్కున్నవాడే.

రెండు రోజుల తర్వాత ఆరింటికి రావలసిన ఫోన్ ఎనిమిదింటికి వచ్చింది. నా వరస అడగలేదు. నేనే అడిగాను.

"వరస చెప్పు భాయ్."

"స్టే... స్టేటరు..." అన్నాడు. చాలాసేపు ఏమీ లేదు. "రో... ఆఁ... బుష్షు..."

మాట ముద్దముద్దగా ఉంది. మధ్యలో ఎక్కడికో పోయి వస్తున్నాడు.

"వేసినావా?" అన్నాను.

"లేదు... లేదప్పా..."

"భాయ్, నిజం చెప్పు."

"లేదు..."

తాగినవాళ్లందరూ చెప్పే మాటే అది. నేను కూడా నా భార్యకు కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. పెట్టేశాను. మళ్లీ మోగింది, ఎత్తలేదు. ఇంకోసారి మోగింది, ఎత్తలేదు. టికెట్ లేనివాణ్ని పట్టుకున్నప్పుడు లోపల ఒకరకమైన ఉత్సాహం ఉంటుంది, అది కూడా కలిగింది నాకు. సిగ్గుపడుతూ రాస్తున్నాను. శెట్టికి ఫోన్ చేసి, "అయిపోయింది, భాయ్ పడినాడు" అన్నాను. శెట్టి, "దిగినంక ఆయనే చేస్తాడులే" అన్నాడు. ఇద్దరం ఆయన రూలు ఆయనకే అమలు చేశాం.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన కూతురు ఫోన్ చేసింది.

"మామా, అబ్బాకు ఆక్సిజన్ పెట్టినారు. జొరమొచ్చి, మాకు అంటుకుంటాదని కొట్లో పండుకున్యాడు. మాకు గూడా చెప్పల్యా. తలుపుకాడ పెట్టిన అన్నం అట్లే ఉంటే నేనే తలుపు తోసినా." మళ్లీ తనే అడిగింది. "మీకు ఫోన్ చేసినాడంట గదా మామా?"

చేశాడమ్మా అన్నాను.

ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. లోపలికి పోనివ్వరు కాబట్టి గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేవాణ్ని. బతికి ఇంటికి వచ్చాడు. శెట్టి ఫోన్ చేస్తే ఎత్తాడు. నేను చేస్తే ఎత్తలేదు. ఆరింటికి లేచి ఫోను చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ని. ఎవరూ వరస అడగరు. నాకు నేనే ధర్మవరం దాకా చెప్పుకుని లేచేవాణ్ని.

కర్ఫ్యూ సడలించాక కొట్టుకు వెళ్లాను. సగం చిక్కిపోయి ఉన్నాడు. మిషను ముందు కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. తలెత్తలేదు.

"తప్పైంది భాయ్" అన్నాను.

తీగ చుట్టడం పూర్తయ్యేదాకా మిషను ఆపలేదు. లెక్క తప్పితే మొదటి నుంచి చుట్టాలి మరి. తీగ కత్తిరించి అడిగాడు.

"ఏది తప్పు?"

"ఫోను పెట్టేసింది."

"అది తప్పు గాదు. అది నా రూలే. తాగినోడైతే పెట్టేయాల్సిందే. దానికి నాకేం లేదు."

"మరి?"

"లేదు అంటి నేను. రెండు మార్లు లేదంటి. పద్నాలుగేండ్లు మానినోణ్ణి. ఆదివారం ఆదివారం నా ముఖంలో ముఖం పెట్టి చూసినోడివి నువ్వు. నువ్వే నమ్మకపోతే ఇంగెవురు నమ్మాలప్పా?" అప్పటికే ఆయాసం వచ్చింది. ఆగి, మళ్లీ అన్నాడు. "ఆడ ఊపిరాడక పండుకోనుంటే నాకు సావు గుర్తు రాల్యా. నువ్వు అడిగిన ఆ మాటే గుర్తొస్తాండె."

నేను వంగి కింద పడ్డ తీగ ముక్క ఏరాను.

"ఒక పని చెయ్. నేను పోయిన పొద్దు రా. వంగి నా నోరు వాసన చూడు. ఆ పొద్దు గూడా మందు వాసన రాకుంటే, అప్పుడు నమ్ముదువులే."

ఏడ్చాను. పెద్దవయసు వచ్చి, అంత గట్టిగా ఎప్పుడు ఏడ్చానో గుర్తులేదు. ఆయన ఊరడించలేదు. లేచి, రాగితీగ రీలు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"బిగువుగా పట్టుకో. వదులైతే చుట్టు చెడిపోతాది."

సాయంత్రం దాకా పట్టుకుని నిలబడ్డాను. మిషను టిక్కుటిక్కుమంటూనే ఉంది. నేను బయల్దేరుతుంటే లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. కుడి భుజం, ఎడమ భుజం. మధ్యలో ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. పాసో ఫెయిలో చెప్తాడని నిలబడ్డాను.

"కండక్టరూ, నాకు వాసన రాల్యా" అన్నాడు.

"అందరికీ పోయిందంట భాయ్, మళ్లీ వస్తుంది."

"వచ్చేదైతే వచ్చుండు ఇంతలోకి. శనక్కాయలు ఉడకేసినారు రాత్రి. ఉడకేసిన నీళ్లే తాగినట్లుంది." కాసేపు గుమ్మంలోంచి రోడ్డు చూశాడు. "ఎవురికీ చెప్పొద్దు. మనోళ్లకు తెలిస్తే సగం మంది పడిపోతారు. నీకొక్కనికే చెప్తాండా. నువ్వు తాగినా నాకు తెలీదు ఇంగ. నువ్వే చూసుకో."

శిక్ష వేశాడో, నమ్మకం ఉంచాడో ఆరోజు నాకు అర్థం కాలేదు.

ఆ ముక్కు మళ్లీ రాలేదు. ఆయన మాత్రం పరీక్ష ఆపలేదు. గోడౌన్ తెరిచాక ఆదివారం ఆదివారం వాకిట్లో నిలబడి, ఒక్కొక్కణ్నీ హత్తుకుని, ముక్కు విచ్చి, "ఈ పొద్దుకు సరి" అని లోపలికి పంపేవాడు. నేను పక్కన నిలబడి చూసేవాణ్ని. నవ్వొచ్చేది, భయమూ వేసేది. ఒక ఆదివారం ధర్మవరం నుంచి వచ్చే ఒక మగ్గం పనివాడు, కౌగిలింత కొంచెం ఎక్కువసేపు సాగేసరికి, భాయ్ భుజం మీదే తల వాల్చి, "నిన్న తాగినా భాయ్" అన్నాడు. భాయ్ గంభీరంగా, "తెలిసిందిలే" అని బయటికి నడిపించుకుపోయాడు. తిరిగి వచ్చి నా వైపు చూశాడు. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

మోటార్ల దగ్గర కూడా అంతే. వంగి వాసన చూసి, తల పంకించి, "దేనికైనా మంచిది, విప్పి చూద్దాం" అనేవాడు. రైతులు ఎప్పటిలాగే తలూపేవాళ్లు.

శనక్కాయల కాలంలో మాత్రం పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, "ఎట్లుండాది వాసన, చెప్పు" అని అడిగేవాడు. నాకేం చెప్పడం వచ్చు? "ఉడికిన శనక్కాయల వాసన" అనేవాణ్ని. "కండక్టరు జన్మ! టికెట్టు కాయితం వాసన తప్ప నీకేం తెలుసు" అని తిట్టి, అయినా మళ్లీ అడిగేవాడు. మట్టి తడిగా ఉందా? ఉప్పు తెలుస్తాందా? నేను కళ్లు మూసుకుని చెప్పినంత చెప్పేవాణ్ని.

నేను రిటైరైన రోజు తోటివాళ్లు విందు చేశారు. ఎవరో గ్లాసు చేతిలో పెట్టారు. ఒక్క నిమిషం పట్టుకునే ఉన్నాను. చెకింగ్ రాదని తెలిసిన రూటు అది. ఇక్కణ్నుంచి నేరుగా వెళ్లి భాయ్‌ను కౌగిలించుకున్నా ఆయనకు తెలియదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు. గ్లాసు కింద పెట్టి, దండ మెడలో ఉండగానే కొట్టుకు వెళ్లాను. హత్తుకుని ముక్కు విచ్చాడు. మనసులో ఏముందో ఏమో, ఆ రోజు ఎప్పటికంటే కొంచెం ఎక్కువసేపు పట్టుకున్నాడు. "ఈ పొద్దుకు సరి" అన్నాడు. నేను గ్లాసు సంగతి చెప్పలేదు.

మొన్న గురువారం మధ్యాహ్నం మిషను ముందే కూర్చుని ఉండగా గుండె ఆగిపోయింది. తీగ చుట్టడం సగంలో ఉంది. శుక్రవారం పొద్దున వెళ్లాను. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, ఆఖరి చూపు కోసం ముఖం వరకు తెరిచి ఉంచారు. ఆయన కూతురు నన్ను చూసి, "మామకు దారి ఇవ్వండి" అంది. అందరూ జరిగారు. శెట్టి నా వెనకే ఉన్నాడు.

పోయిన పొద్దు రా, వంగి వాసన చూడు, అప్పుడు నమ్ముదువులే, అన్నాడు కదా.

వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని వంగాను. నా ముఖం ఆయన ముఖానికి ఎదురుగా వచ్చింది. ఊపిరి బిగబట్టాను. లేచి, ఆ మనుషులను దాటుకుని, వీధిలోకి వచ్చేదాకా వదల్లేదు.